పేరు తీసేస్తే సరిపోదు: నేర వార్తలో బాధితులు, సాక్షులు బయటపడకుండా రాయడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేర వార్త పేపర్లోకి రావాలంటే తెల్లారాలి. ఈలోగానే పోలీసుల ప్రెస్‌నోట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఎవరో ఊరి పేరు కలుపుతారు, ఇంకెవరో ఆ ఇంటి ముందుకెళ్లి సెల్‌ఫోన్‌లో వీడియో తీసేస్తారు, సాయంత్రానికి ఒక యూట్యూబ్ ఛానెల్ దానికి ఎర్రక్షరాల థంబ్‌నెయిల్ తగిలించేస్తుంది. అందరూ ఒక్క జాగ్రత్త మాత్రం పడతారు: అమ్మాయి పేరు రాయరు. దాంతో చట్టం పని అయిపోయిందనుకుంటారు. అవ్వదు. పేరు రాశావా లేదా అన్నది చట్టానికి సగం ప్రశ్నే. నువ్వు రాసింది చదివి ఆ మనిషి ఎవరో జనం పోల్చుకోగలరా అన్నది మిగతా సగం.

మండల విలేకరులు, డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లు, సొంతంగా ఛానెల్ నడుపుతున్నవాళ్లు, ఊరి వాట్సాప్ గ్రూపు అడ్మిన్లు చూసుకోవాల్సిన పనులు ఇక్కడ వరసగా చెబుతున్నాను. వివరాలు ఇప్పటికే బయటపడిపోయిన కుటుంబం ఎక్కడికి వెళ్లాలో చివర్లో ఉంది.

1. ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు చూడండి

రాయడం తర్వాత. ముందు ఆ కేసు ఏ చట్టం కిందికి వస్తుందో తెలియాలి.

భారతీయ న్యాయ సంహిత 64 నుంచి 71 దాకా ఉన్న సెక్షన్లు ఎఫ్‌ఐఆర్‌లో ఉంటే, అంటే అత్యాచారం, దానికి చుట్టూ ఉన్న నేరాలైతే, బాధితురాలిని గుర్తుపట్టించే ఏ వివరమైనా ప్రచురించడం 72వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు, జరిమానా. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 228-ఏగా ఉండేది. విలేకరుల నోట ఇప్పటికీ ఆ నంబరే నలుగుతుంటుంది.

ఈ జాబితాలో 69వ సెక్షన్ ఉందన్న సంగతి మన దగ్గర చాలామంది పట్టించుకోవడం లేదు. పెళ్లి చేసుకుంటానని నమ్మించి మోసం చేసిన కేసులు దాని కిందికే వస్తాయి. ‘ప్రియుడి ఇంటి ముందు యువతి దీక్ష’ వార్త మన జిల్లా పేజీల్లో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. గుమ్మం ముందు కూర్చున్న అమ్మాయి ఫొటో, పేరు, తండ్రి పేరు, ఊరు, చదివిన కాలేజీ, అన్నీ వేసేస్తారు. ‘ఆవిడే వచ్చి రోడ్డు మీద కూర్చుంది కదండీ’ అంటారు. కూర్చోనివ్వండి. 69 కింద కేసు కట్టాక ఆవిడ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ ఫొటో వేయకూడదు. దీక్షకు కూర్చోవడాన్ని రాతపూర్వక అనుమతిగా లెక్కేసుకోకూడదు.

బాధితులు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయితే 2012 నాటి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం, సెక్షన్ 23. ఇది ఇంకా వివరంగా చెబుతుంది: పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే పరిసరాలు, గుర్తింపు బయటపెట్టే ఇంకే వివరమైనా సరే, రాయకూడదు. తప్పితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. విలేకరి చేసిన పనికి పత్రిక, ఛానెల్ యజమాని కూడా బాధ్యుడే. కుర్రాడు పెట్టేశాడు, నాకు తెలీదు అంటే కుదరదు.

లైంగిక నేరం కాకపోయినా పిల్లల విషయంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ఉంది. బాధితులైన పిల్లలు, సాక్షులైన పిల్లలు, రక్షణ అవసరమైన పిల్లలు, నేరం చేశారన్న పిల్లలు, అందరికీ వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ‘బాల్య వివాహాన్ని అడ్డుకున్న అధికారులు’ అని పెళ్లికూతురు అలంకరణలో ఉన్న అమ్మాయిని మధ్యలో నిలబెట్టి తీసే గ్రూపు ఫొటో ఉంటుందే, అది కూడా ఇందులోకే వస్తుంది. ఆ ఫొటో పంపింది ప్రభుత్వ శాఖే కావచ్చు. వేసింది మాత్రం మీరు.

ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదైతే 2013 చట్టం సెక్షన్ 16 ఫిర్యాదుదారుతో పాటు ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, సాక్షుల గుర్తింపును, విచారణ సంగతులను కూడా దాచమంటుంది.

2. చదివేది పక్కింటివాళ్లని గుర్తుపెట్టుకోండి

హైదరాబాద్‌లో కూర్చుని చదివేవాడికి ‘ఉద్దానంలో ఒక గ్రామం’ అంటే ఏమీ తెలియదు. కంచిలిలో టీ కొట్టు దగ్గర చదివేవాడికి మూడు ముక్కలు చాలు. మన ఊళ్లు చిన్నవి, ఇంటిపేర్లు తెలిసినవి, ఎవరి మొగుడు వలసపోయాడో ఎవరి పిల్ల హాస్టల్లో ఉందో అందరికీ ఎరుకే.

2018 డిసెంబర్ 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పత్రికైనా, టీవీ అయినా, సోషల్ మీడియా అయినా, పేరే కాదు, దూరాన్నుంచైనా గుర్తుపట్టించే వివరం ఏదీ రాకూడదంది.

ఒక ఊహా వార్త చూద్దాం. మండలం నుంచి డెస్క్‌కి ఇలా వచ్చిందనుకోండి:

‘వజ్రపుకొత్తూరు మండలం (ఊరి పేరు) గ్రామానికి చెందిన మత్స్యకారుడు ఆరు నెలలుగా వెరావల్‌లో వేటలో ఉన్నాడు. అతని భార్య పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తుంటుంది. వీరి పెద్ద కుమార్తె (14) స్థానిక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వరుసకు మేనమామ అయిన (పేరు) ఆమెపై లైంగిక దాడికి పాల్పడ్డాడు. బాలిక శ్రీకాకుళం రిమ్స్‌లో చికిత్స పొందుతోంది.’

బాలిక పేరు ఎక్కడా లేదు. పంపినవాడు నిజాయితీగానే జాగ్రత్తపడ్డాననుకుంటాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ చూడండి. ఊరు, మండలం: పోక్సో వద్దన్న ‘పరిసరాలు’ ఇవే. తండ్రి వెరావల్‌లో, తల్లి జీడి పనిలో: కుటుంబ వివరాలు. పెద్ద కుమార్తె, పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి, ఉన్న ఒక్క హైస్కూలు: క్లాసులో హాజరుపట్టీ తీస్తే వారం నుంచి రానిది ఎవరో తేలిపోతుంది. రిమ్స్‌లో ఉంది: రేపు పొద్దున్న వార్డు దగ్గరికి ఇంకో ఛానెల్ వెళ్తుంది. అన్నిటికంటే ఘోరం మేనమామ పేరు. ఆ మనిషి పేరు, ఆ వరుస పక్కపక్కన పెట్టాక ఇంక దాచడానికి మిగిలిందేమిటి?

దిద్దితే ఇలా ఉండాలి:

‘పలాస డివిజన్‌లో ఒక బాలికపై లైంగిక దాడి చేశాడన్న ఫిర్యాదుపై పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. పోక్సో చట్టం కింద కేసు నమోదైంది. నిందితుడికి కోర్టు రిమాండ్ విధించింది. కుటుంబం మొదటిసారి స్టేషన్‌కు వెళ్లిన రోజు కేసు ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకు డీఎస్పీ సమాధానమిస్తూ...’

వార్తలో పస పోయిందంటారా? చివరి వాక్యం మళ్లీ చదవండి. ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం, వైద్య పరీక్ష ఆలస్యం, చార్జిషీటు, పరిహారం, కోర్టు వాయిదాలు, ఇవేవీ రాయొద్దని ఏ చట్టమూ అనలేదు. దాచమన్నది బాధితురాలిని. వ్యవస్థ చేసిన తప్పును దాచమని ఎవరూ చెప్పలేదు. మన పేపర్లు చాలాసార్లు దీన్ని తిరగేసి చేస్తాయి: పిల్ల ఇంటి గుమ్మం దాకా వెళ్తాయి, స్టేషన్ గుమ్మం ఎక్కవు.

మండలం బదులు రెవెన్యూ డివిజన్ పేరు రాయడం మంచి అలవాటు. శ్రీకాకుళం జిల్లాకు శ్రీకాకుళం, టెక్కలి, పలాస. విజయనగరం జిల్లాకు విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి. ‘ఫలానా పోలీస్ స్టేషన్ పరిధిలో’ అన్నా మండలం పేరు చెప్పినట్టే.

3. నిందితుడి పేరా, వరుసా? ఒక్కటే

నిందితుడు బయటివాడైతే పేరు రాయొచ్చు. తండ్రి, సవతి తండ్రి, బాబాయి, మామ, ఇంట్లో అద్దెకున్నవాడు, బడి టీచరు అయితే మాత్రం పేరు రాస్తే సంబంధం రాయకూడదు, సంబంధం రాస్తే పేరు రాయకూడదు. ఇంట్లోవాళ్లయితే నా ఓటు పేరు తీసేయడానికే, ఎందుకంటే ఆ పేరు ఒక్కటే కుటుంబాన్ని పట్టిచ్చేస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒక పేపరు పేరు రాసి వరుస మానేస్తుంది, ఇంకో పేపరు వరుస రాసి పేరు మానేస్తుంది. రెండూ ఒకే టీ బల్ల మీద ఉంటాయి. అందుకే ఇలాంటి కేసులో ఆ ప్రాంత విలేకరులు ఒకళ్లకొకళ్లు ఫోన్ చేసుకుని ఒకే పద్ధతి పాటించడం తప్పనిసరి. పోటీ వేరే వార్తల్లో పెట్టుకోవచ్చు.

4. పోలీసులే చెప్పారు కదా?

72వ సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. దర్యాప్తు అవసరం కోసం స్టేషన్ అధికారి లేదా దర్యాప్తు అధికారి సద్భావనతో ఇచ్చే లిఖిత ఉత్తర్వు ఒకటి. ప్రెస్‌మీట్‌లో నోటి మాట, గ్రూపులో పడిన రిమాండ్ రిపోర్టు పీడీఎఫ్ ఆ లెక్కలోకి రావు. లైంగిక నేరాల ఎఫ్‌ఐఆర్‌లు జనంలోకి వదలొద్దని సుప్రీంకోర్టు పోలీసులకే చెప్పింది. ప్రెస్‌నోట్‌లో ఊరు, తండ్రి పేరు ఉంటే మీరు కొట్టేయండి, పంపిన స్టేషన్ రైటర్‌కి కూడా ఒక మాట చెప్పండి. రెండు మూడుసార్లు చెబితే నోట్ తీరు మారుతుంది.

కోర్టులో ఇంకా జాగ్రత్త. అత్యాచారం కేసుల విచారణ మూసిన తలుపుల వెనుక జరుగుతుంది. ఆ విచారణలో ఏం జరిగిందో కోర్టు అనుమతి లేకుండా రాయడం 73వ సెక్షన్ కింద మళ్లీ ఒక నేరం. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు ప్రచురించడం ఇందులోకి రాదు.

5. అనుమతి ఎవరిస్తారు

పద్దెనిమిదేళ్లు నిండిన బాధితురాలు తన పేరుతోనే మాట్లాడాలనుకుంటే అది ఆవిడ హక్కు. రాతపూర్వకంగా తీసుకోండి. తెలుగులో, ఆవిడకి చదివి వినిపించి, ఎక్కడెక్కడ వస్తుందో, తర్వాత తీసేయడం ఎంత కష్టమో చెప్పి తీసుకోండి. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి సంతకం పెట్టించుకోవడం, అన్నయ్యో మావగారో పెట్టిన సంతకాన్ని ఆవిడ సంతకంగా చూపించడం, ఇవి పనికిరావు.

మైనర్ విషయంలో తల్లిదండ్రులు ఒప్పుకున్నా మీకు అనుమతి ఉన్నట్టు కాదు. గుర్తింపు పొందిన సంక్షేమ సంస్థ అధ్యక్షుడికో కార్యదర్శికో తప్ప ఇంకెవరికీ దగ్గరి బంధువులు ఆ అనుమతి ఇవ్వలేరు. పోక్సో కేసులో పిల్లల మేలుకు అవసరమైతే ప్రత్యేక కోర్టే రాతపూర్వకంగా అనుమతించాలి. ‘న్యాయం కావాలి, మా పాప ఫొటో వేయండి’ అని కన్నవాళ్లు ఏడుస్తూ అడిగినా వేయకూడదు. చెప్పడం కష్టమే. ఆ కష్టం మనమే పడాలి.

చనిపోయిన తర్వాత కూడా ఇదే నియమం. ఉద్యమం కోసం పేరు వాడాలన్నా సెషన్స్ జడ్జి నిర్ణయించాల్సిందేనని నిపుణ్ సక్సేనా తీర్పు. జమ్మూకశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక పేరు, ఫొటో వేసినందుకు 2018లో ఢిల్లీ హైకోర్టు పలు మీడియా సంస్థలను ఒక్కొక్కటి పది లక్షల రూపాయలు కట్టమంది. 2019 నవంబర్ చివర్లో హైదరాబాద్ శివార్లలో ఒక వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య ఘటనలో అసలు పేరు దేశమంతా తిరిగేశాక సైబరాబాద్ పోలీసులు ‘దిశ’ అనమన్నారు. 2024 ఆగస్టు 20న, అత్యాచారానికి, హత్యకు గురైన కోల్‌కతా వైద్యురాలి పేరు, ఫొటోలు అన్నిచోట్లా తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రతిసారీ ఇల్లు తగలబడ్డాకే నీళ్లు మోశారు.

మారుపేరు పెడితే అది మారుపేరని రాయండి. అసలు పేరుకు దగ్గరగా ఉండేది, కులమో మతమో తెలిపేది పెట్టకండి.

6. ఫొటో, వీడియో, గొంతు

ముఖానికి సన్నని మసక పెట్టి ‘బ్లర్ చేశాం’ అంటారు. ఊళ్లోవాళ్లు నడకను బట్టి గుర్తుపడతారు, చీరను బట్టి గుర్తుపడతారు. అసలు ఆ మనిషిని చూపించకుండా తీయడమే మేలు. తప్పదంటే నల్లగా పూర్తిగా మూసేయండి, గొంతు మార్చండి. మార్చిన గొంతులో కూడా యాస, మాటల్లో దొర్లే బంధువుల పేర్లు ఉండిపోతాయి, విని కత్తిరించండి.

తల్లిదండ్రుల ముఖాలు కూడా పిల్ల గుర్తింపే. ఇంటి గుమ్మం, వీధి మలుపు, గోడ మీది సచివాలయం బోర్డు, వాకిట్లో ఆటో నంబరు, తాడు మీద ఆరేసిన స్కూలు యూనిఫాం, ఇవన్నీ ఒక్కసారి ఫోన్ ఆపి ఫ్రేములో వెతకండి. మసక చేసిన వీడియో ఛానెల్లో పెట్టి, అసలు క్లిప్పు ‘మన వాళ్లకే’ అని విలేకరుల గ్రూపులో వేస్తే చేసిన పనంతా దండగ.

ఇంక పరామర్శలు. ఎమ్మెల్యే వస్తారు, ప్రతిపక్షం వస్తుంది, చెక్కు అందిస్తారు, ఫొటోగ్రాఫర్ ‘ఇటు చూడమ్మా’ అంటాడు. నాయకుడి ఫొటో వేయకపోతే ఫోన్ వస్తుందన్న భయం నాకు తెలుసు. నాయకుడు కారు దిగుతున్న ఫొటో వేయండి. కుటుంబం లేని ఫొటో ముందే అడిగి తీసుకోండి. 2021లో ఢిల్లీలో చనిపోయిన ఒక బాలిక తల్లిదండ్రులతో ఉన్న ఫొటో పెట్టినందుకు ఒక జాతీయ నాయకుడి ట్వీటే తీసేయాల్సి వచ్చింది.

పోస్టు పెట్టాక వదిలేయకండి. మీరు దాచిన పేరు కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు, ‘మా ఊరే’ అని. ఇలాంటి వార్తలకు కామెంట్లు మూసేయండి.

పిల్లల మీద జరిగిన దాడి వీడియో ఏదైనా మీ ఫోన్‌కి వస్తే ‘ఇది నిజమేనా’ అని అడగడానికి కూడా ఎవరికీ పంపకండి. నేరుగా పోలీసులకు చెప్పండి.

7. ‘మైనర్ అదృశ్యం’ పోస్టు వెనక్కి తీసుకోండి

ఇది దాదాపు అందరూ మరిచిపోయే మెట్టు. బాలిక కనిపించడం లేదని పేరు, ఫొటో, తండ్రి ఫోన్ నంబరుతో పోస్టు పెడతాం. పెట్టడం సబబే, పిల్ల దొరకాలి. నాలుగు రోజులకు ఆచూకీ దొరుకుతుంది, కేసు పోక్సో కిందికి మారుతుంది. మనం కొత్త వార్తలో పేరు తీసేసి ‘ఇటీవల అదృశ్యమైన బాలిక’ అని రాస్తాం. పాత పోస్టు అక్కడే ఉంటుంది, ఒక్క వేలి దూరంలో.

పిల్ల దొరికిందని తెలిసిన క్షణమే పాత పోస్టు, పాత వీడియో, థంబ్‌నెయిల్ తీసేయండి. షేర్ చేసిన గ్రూపులకు తీసేయమని చెప్పండి. కొత్త వార్తలో ‘అదృశ్యమైన’ అన్న మాటే వద్దు.

8. సాక్షుల లెక్క వేరు

హత్య, కొట్లాట, గంజాయి రవాణా కేసుల్లో పద్దెనిమిదేళ్లు నిండిన సాక్షి పేరు రాయకూడదని సాధారణ నిషేధమేమీ లేదు. కోర్టో, కింద చెప్పిన సాక్షుల రక్షణ కమిటీయో ఉత్తర్వు ఇస్తేనే నిషేధం. కానీ సాక్షి, నిందితుడు ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునే ఊళ్లలో పేరు రాయొచ్చు కాబట్టి రాసేస్తామనడం బాధ్యత కాదు. వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురు దళితుల్ని చంపిన తర్వాత, చూసినవాళ్లు, నిందితుల మనుషులు ఒకే ఊరివాళ్లు. అలాంటి చోట ‘ప్రత్యక్ష సాక్షి కథనం’ అని ఫొటో వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కొట్లాట జరిగిన గంటలోపు మైకు ముందు మాట్లాడినవాడు తెల్లారాక చెప్పింది మార్చుకోవాలనుకోవచ్చు. వేసేముందు ‘పేరు వేయమంటారా’ అని ఇంకోసారి అడగండి.

సాక్షికి బెదిరింపు ఉంటే దారి ఉంది. 2018 డిసెంబర్ 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటా అమల్లోకి తెచ్చింది. జిల్లా జడ్జి అధ్యక్షతన, ఎస్పీ సభ్యుడిగా, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి సభ్య కార్యదర్శిగా కమిటీ ఉంటుంది. దరఖాస్తు ఆ కార్యదర్శి ద్వారా ఇవ్వాలి. బెదిరింపు ఎంతుందో సబ్ డివిజన్ డీఎస్పీ ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. గుర్తింపు దాచడం మొదలు వేరే చోటికి మార్చడం దాకా ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు, మహిళలపై వేధింపుల్లాంటి కొన్నిటికి ఇది వర్తిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక (అట్రాసిటీ) చట్టం కేసుల్లో 15-ఏ సెక్షన్ కింద సాక్షుల పేర్లు, చిరునామాలు రికార్డుల్లో కనపడకుండా చేయమని ప్రత్యేక కోర్టునే అడగొచ్చు. అడిగి ఉత్తర్వు వచ్చిందా అన్నది సాక్షి పేరు రాసే విలేకరి ముందుగా వాకబు చేసుకోవాలి.

9. మీ ఇంటి వివరాలే బయటపడితే

ముందు ఆధారం దాచుకోండి: తేదీ, లింకు కనపడేలా స్క్రీన్‌షాట్లు, పేపరైతే ఆ పేజీ. దాన్ని ‘చూడండి ఎలా రాశారో’ అని ఎవరికీ పంపొద్దు, స్టేటస్‌లో పెట్టొద్దు.

వెంటనే సంపాదకుడికి, ఛానెల్‌కి తీసేయమని రాతపూర్వకంగా పంపండి. ఫేస్‌బుక్, యూట్యూబ్‌లైతే వాళ్ల ఫిర్యాదుల అధికారికి. స్టేషన్‌లో 72 కింద, పిల్లలైతే పోక్సో 23 కింద ఫిర్యాదు చేయండి. పిల్లల విషయంలో జిల్లా బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి వెళ్లొచ్చు, 1098కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు 181.

పత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లాలంటే దినపత్రిక, వారపత్రికలకు రెండు నెలల గడువు, అంతకుముందే సంపాదకుడికి రాసి ఉండాలి. ఆ ఉత్తరం నకలు జతచేయాలి. టీవీ, యూట్యూబ్ దాని పరిధిలోకి రావు.

లాయరు ఖర్చు గురించి వెనకాడొద్దు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. శ్రీకాకుళంలో, విజయనగరంలో జిల్లా కోర్టు దగ్గరే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, నంబరు 15100. అక్కడ ఫిర్యాదు రాయించుకునేటప్పుడు బాధితురాలి పేరు అర్జీలో రాయకుండా విడిగా సీల్డ్ కవర్‌లో ఇస్తామని అడగండి. కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలా నలుగురి చేతులు మారే కాగితం మీద మాత్రం ఆ పేరు రాయకండి.